చదివి వినిపించని డోసు

ఆ పొద్దున ఇంట్లో చెయ్యాల్సిన పనులను పెద్దావిడ ఒక్కో వేలూ మడుస్తూ చెప్పింది.

"షట్టరు సగానికి దించండి. పూర్తిగా దించితే పారిపోయారంటారు. పూర్తిగా ఎత్తితే సిగ్గులేదంటారు."

"బోర్డు తిరగేసి గోడకి ఆనించండి."

"టైలరు వస్తే కుర్చీ వెయ్యండి. స్టూలు కాదు, కుర్చీ. అడక్కుండానే మంచినీళ్ళు పెట్టండి. తిడితే పడండి. కొడితే మాత్రం గట్టిగా అరవండి."

"పక్కింటివాళ్ళు అడిగితే మాకేం తెలీదనండి."

"ఆ పిల్ల పేరు రాసిన డబ్బా ఎవరికీ కనపడకుండా తీసెయ్యండి."

అయిదు వేళ్ళూ మడతపడ్డాయి. ఆవిడ రెండో చెయ్యి ఎత్తింది.

"అల్లుడుగారి చెవిన ఈ సంగతి పడకూడదు."

తర్వాతి రెండు వేళ్ళూ కోడలి వైపు చూస్తూ మడిచింది.

"నువ్వు టైలరుతో తప్పు నాదేనని చెప్పాలి. చెప్పి, నీ నడుముకున్న మిషను విప్పి వాళ్ళకిచ్చెయ్యాలి."

కోడలు గదుల మధ్య తెర పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చెయ్యి దానంతటదే నడుము మీదికి వెళ్ళింది. కొడుకు బల్ల దగ్గర కూర్చుని, అప్పటికే శుభ్రంగా ఉన్న స్క్రూడ్రైవర్లను మళ్ళీ తుడుస్తున్నాడు.

"నేను డోసు సరిగ్గానే పెట్టానత్తయ్యా," అన్నది కోడలు.

"సరిగ్గా పెడితే పిల్ల ఎందుకు పడిపోయింది?"

"అదే తెలియడం లేదు."

"తెలియడం లేదుట! విన్నావుటే?" అని పెద్దావిడ కూతురి వైపు తిరిగింది.

ఆడపడుచు నిన్నటి నుంచి ఇక్కడే ఉంది. పుట్టింట్లో గొడవ జరుగుతుంటే ఆవిడకు తన ఇల్లు గుర్తుకు రాదు.

"ఇంటిల్లిపాదికీ చదివి చెప్పేదానివి కదమ్మా మరదలా! నువ్వే తెలియదంటే మాలాంటివాళ్ళం ఎవరినడగాలి?"

"డాక్టరు చీటీ చూసే పెట్టాను వదినా. రెండుసార్లు చూశాను."

"మూడోసారి చూడాల్సింది."

ఆ ఇంటి ముందుగదే దుకాణం. ఇన్సులిన్ పంపులు అక్కడికి పాతవిగా వస్తాయి. ఎవరో కొత్తది కొనుక్కుని వదిలేసినవి, ఎవరో పోయాక ఇంట్లోవాళ్ళు బీరువాలో పడేసినవి. అరచేతిలో ఇమిడే ఆ మిషను నడుముకు వేలాడుతూ సన్నని గొట్టం గుండా రాత్రీ పగలూ కొంచెం కొంచెంగా మందు ఎక్కిస్తుంది. గొట్టమూ సూదీ మనిషి మనిషికీ కొత్తవి. మిషను మాత్రం చేతులు మారుతుంది. కొత్తది కొనే తాహతు లేనివాళ్ళు ఈ గడప తొక్కుతారు.

కొడుకు దాన్ని విప్పి, తుడిచి, పాడైనవి మార్చి బిగిస్తాడు. పాతమనిషి డోసు చెరిపేసి, డాక్టరు చీటీ ప్రకారం కొత్తమనిషి డోసు పెట్టడం కోడలి పని. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునే పెడుతుంది. పెట్టింది పైకి చదివి వినిపిస్తుంది. వాళ్ళ చేత తిరిగి చెప్పిస్తుంది. ఆ తర్వాతే నడుముకు తగిలిస్తుంది. ఈ పద్ధతి ఆమె తెచ్చిందే. "మంత్రం చదువుతోంది, దణ్ణం పెట్టుకోండి," అని పెద్దావిడ వచ్చినవాళ్ళతో నవ్వేది.

మొన్న సాయంత్రం దర్జీ కూతురికి మిషను పెట్టారు. నిన్న తెల్లవారి తల్లి లేపితే ఆ పిల్ల లేవలేదు. షుగరు పడిపోయి ఒళ్ళంతా చెమటలు. భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. వీధంతా ఆ పిల్లను బొంగరం అంటారు.

"అసలు ఆ సాయంత్రం నువ్వు ఇంట్లో ఉన్నావా?" అని అడిగింది పెద్దావిడ.

కోడలు తలొంచుకుంది. "కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళాను. మీకు చెప్పే వెళ్ళాను."

"కళ్ళు బాగానే ఉన్నాయన్నారుగా? మరి అంకెలెందుకు కనపడలేదో!"

ఆడపడుచు కిసుక్కున నవ్వింది.

కోడలికి తన మీద తనకే అనుమానం మొదలైంది. ఆ రోజు వేళ దాటిపోతోందని, ఎప్పుడూ చెయ్యని పని చేసింది. మనుషులు రాకముందే డోసులు పెట్టేసింది. బల్ల మీద రెండు మిషన్లు, ఒకే రకానివి. ఒకటి అల్లుడికి, ఒకటి దర్జీ కూతురికి. అల్లుడిది భారీ శరీరం, పెద్ద డోసు. ఆ పిల్లది పిచికంత డోసు. రెండూ పెట్టి, ఎవరి పేరు రాసిన డబ్బాలో వాళ్ళది సర్ది, "తగిలించే ముందు చదివి వినిపించండి," అని భర్తకు చెప్పి వెళ్ళింది. ఎక్కడ తప్పింది? ఎంత వెతుక్కున్నా తప్పు దొరకలేదు. దొరకలేదు కాబట్టి తప్పు లేదనుకునే ధైర్యమూ రాలేదు.

"తప్పు నాదైతే ఒప్పుకుంటానత్తయ్యా. కానీ నా మిషను ఎందుకు? ఇంకోటి బాగుచేసి ఇద్దాం."

"ఇంకోటి వాళ్ళు ముట్టుకుంటారా? నీ ఒంటి మీదది విప్పి ఇచ్చావనుకో, సొంతమనిషి వాడేదే ఇచ్చారని నమ్ముతారు. నాలుగు రోజులు పోతే షట్టరు మళ్ళీ పైకెత్తచ్చు."

"ఇది లేకపోతే రాత్రిళ్ళు నాకు షుగరు ఎప్పుడు పడిపోతుందో తెలీదు. పోయినేడు నిద్రలోనే తెలివి తప్పింది. పక్కనున్న ఈయనకి కూడా తెలియలేదు."

"మిషను రాకముందు ఎవరూ బతకలేదా? ఇంజక్షన్లు చేసుకో. పాత సూదులు డబ్బాడున్నాయి. మనింట్లో పాతవి వాడటం కొత్తా ఏమిటి?"

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ కోడలి ఒంటి మీదది అత్త దానం చేస్తోంది.

"మీరేమంటారండీ?" అని కోడలు భర్తను అడిగింది.

అతను స్క్రూడ్రైవరు మొన వంక చూస్తూ, "అమ్మ చెప్పేది కూడా కొట్టిపారెయ్యలేం," అన్నాడు.

అంతలో షట్టరు కింద నుంచి వంగి దర్జీ లోపలికి వచ్చాడు.

మెడలో కొలత టేపు అలాగే ఉంది. కుర్చీ వేశారు, కూర్చోలేదు. గ్లాసు పెట్టారు, ముట్టలేదు. చేతిలోని గుడ్డముక్క బల్ల మీద పెట్టి ముడి విప్పాడు. లోపల పంపు ముక్కలు.

"మా ఆవిడ ఇస్త్రీపెట్టెతో కొట్టింది," అన్నాడు.

కొడుకు చెయ్యి అలవాటుగా ముక్కల మీదికి పోయింది. అంకెలు కనపడే తెర పగిలిపోయింది. మోటారు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని వేలితో పక్కకు జరిపాడు. అందరూ తననే చూస్తున్నారని తెలిసి మళ్ళీ ముక్కల్లోకి తోశాడు.

"పనికొచ్చేది ఉంటే ఉంచుకోండి బాబూ," అన్నాడు దర్జీ. "మాకేం చేసుకోను?"

కోడలు ఆ మాట వినలేదు. ముక్కల్లో ఒకటి, మిషను వీపు భాగం, వెల్లకిలా పడి ఉంది. దాని మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడుగాటి గీత. పాత యజమాని ఎక్కడ గీరుకున్నాడో గానీ ఎంత రుద్దినా పోలేదు.

ఆ గీత ఉన్న మిషను అల్లుడిది. బొంగరం కోసం తను సర్దింది నున్నగా ఉన్నది.

ఆమె భర్త వంక చూసింది. అతను అప్పటికే ఆ గీత చూసేశాడు. చూసి తల దించుకున్నాడు.

"ఇందులో డోసు ఎవరు పెట్టారో కనుక్కుని రమ్మన్నారు డాక్టరు గారు," అన్నాడు దర్జీ.

బయట ఎవరిదో స్కూటరు స్టార్టు కావడం లేదు. తన్నుతూనే ఉన్నారు.

"మా ఆవిడే," అన్నాడు కొడుకు.

దర్జీ ఆమె వైపు తిరిగాడు. "మీరేనామ్మా?"

"పెట్టింది నేనే," అన్నది కోడలు.

మిగతా మాట గొంతులో ఉండగానే పెద్దావిడ ఏడుపు అందుకుంది.

"చూశావా నాయనా, దాని నోటితోనే ఒప్పుకుంది. ఏం చెయ్యమంటావు చెప్పు! కోడల్ని వదులుకోలేం, వెనకేసుకు రాలేం. ఏదో పరధ్యానం. పిల్లాపీచూ లేనిదానికి పిల్లల ఒంటి సంగతి ఏం తెలుస్తుంది? అందుకే తన మిషనే విప్పి ఇస్తానంది. నేను చెప్పలేదు, తనే అంది. ఏమ్మా?"

కోడలు భర్త చొక్కా పట్టుకుని తెర వెనక్కి లాక్కుపోయింది.

"అది అన్నయ్యగారి మిషను," అన్నది గొంతు తగ్గించి.

"మెల్లగా మాట్లాడు."

"పిల్ల ఒంటి మీదికి ఎలా వెళ్ళింది?"

అతను పొయ్యిగట్టు మీది నీళ్ళ మరక తుడవడం మొదలుపెట్టాడు.

"చెప్పండి."

"అమ్మ డబ్బాల్లో మార్చింది."

"మీరు చూశారా?"

"చూశాను. నువ్వింకా డోసు పెట్టలేదనుకున్నాను. ఎప్పుడూ మనిషి వచ్చాకే పెడతావుగా. నువ్వు వెళ్ళేటప్పుడు ఏదో అన్నావు. నేను మిషను రుద్దుతున్నాను, సరిగ్గా వినలేదు."

"మరి తగిలించే ముందు చదివి వినిపించారా?"

అతను ఆ మరక మీదే మళ్ళీ తుడిచాడు.

"చదివితే తెలిసిపోయేదిగా. ఆ టైలరుకి తెలిసేది, మీకు తెలిసేది. చదివారా లేదా?"

"అమ్మ తొందరపెట్టింది. బావ కూడా వచ్చి కూర్చున్నాడు. ఆ పిల్ల చూస్తే ఒకచోట నిలబడదు. రెండూ గబగబా తగిలించేశాను. నువ్వే చూసుకుని ఉంటావనుకున్నా."

"ఇందాకేమో డోసు పెట్టలేదనుకున్నానన్నారు. ఇప్పుడు చూసుకుని ఉంటాననుకున్నానంటున్నారు. ఏదండీ నిజం?"

"నాకు తెలీదు! ఏమీ అనుకోలేదు. సరేనా?"

తెర తొలగించుకుని పెద్దావిడ వచ్చింది. వెనకాలే ఆడపడుచు. "ఆ మనిషిని అక్కడ ఒంటరిగా వదిలి ఇక్కడేమిటి మంతనాలు?"

"డబ్బాలు ఎందుకు మార్చారత్తయ్యా?"

పెద్దావిడ కొడుకు వంక ఒక చూపు విసిరింది. దాచాలని చూడలేదు.

"మార్చాను. ఇంటల్లుడికి గీతలు పడ్డది కట్టబెడితే వాళ్ళవైపువాళ్ళు ఏమంటారు? ఆ పిల్లకైతే గౌను లోపలుంటుంది. గీతుంటే ఎవడు చూడొచ్చాడు?"

"లోపల డోసు ఉంటుంది."

"నాకేం తెలుసే? గిన్నె గిన్నే అనుకున్నాను. ఎవరి ముందు పెడితే వాళ్ళకి సరిపడా వడ్డిస్తుందనుకున్నాను."

ఆ మాట అబద్ధం కాదు. ఏళ్ళ తరబడి ఆ మిషన్ల దుమ్ము దులిపింది గానీ, వాటికి పాతమనిషి సంగతులు గుర్తుంటాయని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మంత్రాన్ని ఆవిడ వెక్కిరించింది.

"ఇప్పుడు తెలిసిందిగా అత్తయ్యా. వెళ్ళి చెబుదాం."

"ఏమని చెబుతావు? అల్లుడి షోకు కోసం అత్త ఇంత పని చేసిందనా? మా అత్తింట్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అని ఆడపడుచు గొంతు లేపింది. "నువ్వంటే ఎలాగూ ఒప్పేసుకున్నావు. ఆ మాట ఒకళ్ళ మీదే ఉండనీ. అందరం ఎందుకు మునగడం?"

"నువ్వూరుకో," అన్నది పెద్దావిడ అకస్మాత్తుగా. ఆవిడ మొహంలో రంగు మారింది. ఆ పొద్దుటి నుంచి మొదటిసారి ఆవిడ భయపడింది. "ఆగు. అయితే ఆ పిల్ల డోసు అల్లుడుగారికి ఎక్కుతోందా?"

ఎవరూ జవాబు చెప్పే అవసరం రాలేదు.

"మంచినీళ్ళు! ముందు మంచినీళ్ళు ఇవ్వండి!" అని ముందుగదిలోంచి కేక వినిపించింది.

అల్లుడు షట్టరు కింద పట్టక, భుజంతో ఎత్తి తోసుకుని వచ్చాడు. దర్జీ కోసం పెట్టిన గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. దర్జీ కోసం వేసిన కుర్చీలో కూలబడ్డాడు.

"ఇదేం మిషనత్తయ్యా! పెట్టిన దగ్గర్నుంచి నోరు పిడచకట్టుకుపోతోంది. రాత్రంతా నీళ్ళూ బాత్రూమూ, బాత్రూమూ నీళ్ళూ. మా వీధి కుళాయికి నాకు బంధుత్వం కలిసింది. ఏదమ్మా చెల్లెమ్మా, ఇలా రా, చూడు."

"చూడవే," అని పెద్దావిడ కోడలి జబ్బ పట్టుకుంది.

"డోసులు పెట్టడం రానిదాన్ని కదత్తయ్యా నేను."

"ఇప్పుడా ఈ వంకరమాటలు? లోపలికి తీసుకెళ్ళి గప్‌చుప్‌గా మార్చెయ్."

"లోపలికెందుకు? కాళ్ళు లాగేస్తున్నాయి. ఇక్కడే చూడమ్మా," అన్నాడు అల్లుడు. అతనికి ఏమీ తెలియదు. గోడ పక్కన నిలబడ్డ దర్జీని, ఏదో బాగుచేయించుకోవడానికి వచ్చినవాడనుకుని ఒకసారి చూసి వదిలేశాడు.

కోడలు స్టూలు జరుపుకుని అల్లుడి ఎదురుగా కూర్చుంది. నున్నని మిషను చేతిలోకి తీసుకుంది. మీట నొక్కింది. తెర వెలిగింది.

మెల్లగా చదువుకోవచ్చు. నోరు మెదపకుండా మార్చెయ్యవచ్చు. భర్త బల్ల దగ్గర నుంచి కళ్ళతో అదే బతిమాలుతున్నాడు.

ఆమె ఎప్పుడూ చదివేటట్టే పైకి చదివింది.

"రాత్రి డోసు, గంటకి సున్నా పాయింట్ రెండు. తిరిగి చెప్పండన్నయ్యా."

"సున్నా ఏమిటి? నాకు ఒకటిన్నర కదూ రాసింది?" అన్నాడు అల్లుడు.

"సున్నా పాయింట్ రెండు," అని వెనక నుంచి దర్జీ అన్నాడు.

అందరూ అటు తిరిగారు. అతను తెర చూడలేదు. అంత దూరం నుంచి కనపడదు కూడా.

"తెల్లవారి సున్నా పాయింట్ మూడు," అన్నాడు. "ఉందామ్మా అందులో?"

"ఉంది," అన్నది కోడలు.

"డాక్టరు గారు నా చేత మళ్ళీ మళ్ళీ అనిపించారు. అది మా పిల్ల డోసు."

స్కూటరు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

"నేనేం కావాలని మార్చలేదు నాయనా!" అన్నది పెద్దావిడ. అప్పటికి ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది.

"మార్చారా?" అన్నాడు దర్జీ.

పెద్దావిడ కొడుకు వంక, కూతురి వంక, చివరికి కోడలి వంక కూడా చూసింది. ఈసారి ఎవరూ ఆవిడకు మాట అందించలేదు.

"అంటే ఇది ఆ పిల్ల మిషనా? నాకు చిన్నపిల్లది పెట్టారా?" అల్లుడు కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాడు. "నేనీ ఇంటికి అల్లుణ్ణనుకున్నాను. ప్రయోగానికి దొరికిన ఎలుకనని తెలీలేదు."

"మా పిల్లదండీ. విప్పి ఇవ్వండి," అన్నాడు దర్జీ. గొంతు ఎత్తలేదు.

అల్లుడు రెండు చేతులూ నడుముకు అడ్డం పెట్టుకున్నాడు. "నేనెందుకు విప్పాలి? ఇక్కడ నాకు షుగరు ఆకాశంలో ఉంది. డోసు మార్చెయ్ చెల్లెమ్మా, తేలిపోతుంది."

"ఇంటల్లుడి ఒంటి మీద నుంచి విప్పిస్తావా? మనిషివేనా?" అని ఆడపడుచు దర్జీకి అడ్డంగా వచ్చి నిలబడింది. "మా ఆయన ప్రాణం ప్రాణం కాదా?"

ప్రాణమే. అందులో అబద్ధం లేదు. అతని పెదవులు ఎండి పగిలి ఉన్నాయి, ఊపిరి బరువుగా వస్తోంది. కోడలు మీట నొక్కింది. ఆ మిషనులోంచి బొంగరం డోసు ఒక్కో అంకే చెరిగిపోయింది. దర్జీ నిలబడి చూస్తుండగానే ఆ స్థానంలో అల్లుడి డోసు వచ్చింది. పైకి చదివింది. అల్లుడు తిరిగి చెప్పాడు.

"ఇది చాలదన్నయ్యా. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి," అన్నది.

"చూశావా, తలుచుకుంటే ఎంత చక్కగా పెడుతుందో," అన్నది ఆడపడుచు.

కొడుకు బల్ల మీద చేతులు ఆనించి లేచాడు. భార్య మొహం వంక చూడకుండా, ఆమె నడుము వంక చూస్తూ అన్నాడు.

"నీది విప్పు. ఇంక సాగదియ్యకు."

"మీరు చెబుతున్నారా, అత్తయ్య చెబుతున్నారా?"

"ఎవరు చెబితే ఏం? ఆ మనిషిని ఖాళీ చేతులతో పంపలేం కదా!"

ఆమె అక్కడే, అందరి ఎదురుగా, కొంగు చాటు చేసుకుని గొట్టం లాగేసింది. ప్లాస్టరు ఊడిన చోట చిన్న రక్తపు చుక్క. దాన్ని బొటనవేలితో అదిమి, రెండో చేత్తో తన డోసు చెరిపేసింది. ఏడాదిగా తను కళ్ళు మూసుకుని నిద్రపోవడానికి కారణమైన అంకెలు అవి. ఎంతో సేపు పట్టలేదు. మిషను తుడిచింది. కొత్త గొట్టం పొట్లం పక్కన పెట్టింది. దర్జీని స్టూలు మీద కూర్చోమంది. అప్పుడు కూర్చున్నాడు.

"రాత్రికి గంటకి సున్నా పాయింట్ రెండు."

"సున్నా పాయింట్ రెండు."

"తెల్లవారి సున్నా పాయింట్ మూడు."

"సున్నా పాయింట్ మూడు."

"ఇది మీరు తగిలించకండి. డాక్టరు గారే తగిలించాలి. ముందు ఆయన చేత చదివించండి."

దర్జీ మిషను అందుకుని తన గుడ్డముక్కలోనే కట్టుకున్నాడు. పగిలిన ముక్కలు బల్ల మీదే ఉన్నాయి.

"మీరు పెట్టింది సరిగ్గానే పెట్టారమ్మా," అన్నాడు.

ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఆ ఒక్క మాట కోసం పొద్దుటి నుంచి చూస్తోంది.

"కానీ నేను అడిగినప్పటికే మీకు తెలుసు."

కోడలు తల ఎత్తలేకపోయింది.

"ఆ గీత చూశారు. నేను మీ మొహమే చూస్తున్నాను. తెలిసీ లోపలికెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. ఈయనగారు నీళ్ళ కోసం రాకపోతే నన్ను అలాగే పంపేసేవారు. అవునా?"

ఆమె అవుననలేదు. కాదని చెప్పే నోరు ఆమెకు లేదు.

దర్జీ షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయాడు.

అతని చెప్పుల చప్పుడు వీధిలో కలిసిందో లేదో, గదిలో మాటలు తెరుచుకున్నాయి.

"కేసు పెడతాడంటావా?" అన్నది పెద్దావిడ.

"మిషను తీసుకున్నాడుగా. తీసుకున్నవాడు కేసు పెట్టడు," అన్నాడు కొడుకు.

"ఆ డాక్టరుకి చెబుతాడు. నాపేరు చెబుతాడు. వీధంతా నాపేరే చెబుతాడు." ఆవిడ కోడలి మీదికి తిరిగింది. "నోరుమూసుకుని మార్చెయ్యమంటే మైకు పెట్టినట్టు చదివావు. నీ కడుపు చల్లబడిందా?"

"మిషను పోయిందిగా అమ్మా. ఇంజక్షన్లు పొడుచుకుంటుంటే అదే చల్లబడుతుంది," అన్నది ఆడపడుచు.

"నన్నెవరైనా ఆసుపత్రికి తీసుకెళ్తారా?" అన్నాడు అల్లుడు. "ఇంకో గ్లాసు నీళ్ళిచ్చి మరీ తీసుకెళ్ళండి."

కొడుకు గ్లాసు అందించి, పగిలిన ముక్కల దగ్గర కూర్చున్నాడు. మోటారు తీసి, స్పేర్లు పెట్టే సొరుగులో వేశాడు.

సొరుగు మూసిన చప్పుడుకు కోడలు ఉలిక్కిపడింది. ఒక్కసారిగా ఏదో తట్టినట్టు మొహం పాలిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా షట్టరు కింద నుంచి దూరి వీధిలోకి పరిగెత్తింది.

దర్జీ మూల మలుపు దగ్గర ఉన్నాడు. బోరింగు దగ్గరి ఆడవాళ్ళు బిందెలు ఆపి చూస్తున్నారు.

"టైలరుగారూ! ఆగండి! ఎలా ఉంది?"

అతను ఆగాడు. వెనక్కి తిరిగాడు. చేతిలోని గుడ్డమూట కొంచెం పైకెత్తి చూపించాడు.

"ఏది? మిషనా?"

ఆమె నోరు తెరిచింది. అతను జవాబు కోసం ఆగలేదు. మలుపు తిరిగిపోయాడు.

ఆ గదిలో పొద్దుటి నుంచి అంతమంది అన్ని మాటలన్నారు. గీత గురించి, డోసు గురించి, పరువు గురించి, ఎవరిది విప్పాలి, ఎవరిది ఉంచాలి అని. ఆ పిల్ల కళ్ళు తెరిచిందా లేదా అని ఒక్కరూ అడగలేదు. అన్నీ చదివి వినిపించే కోడలు కూడా అడగలేదు. ఇంతసేపూ చదువుతూ వచ్చిన మీరూ ఆమె మిషను ఉంటుందా పోతుందా అనే చూసి ఉంటారు. మీ తప్పేమీ లేదు, ఆ ఇంట్లో కేకలే అంత గట్టిగా ఉన్నాయి.

ఒక్క మనవి. వాళ్ళ తగాదా వాళ్ళు ఎలాగూ తేల్చుకుంటారు. దాన్ని మరిచిపోయినా నష్టం లేదు. తండ్రి కుట్టుమిషను కింద దూరి రాలిన దారప్పోగులు ఏరుకునే పిల్ల ఒకతి ఉంది. ఒంటికాలి మీద గిరగిరా తిరిగి, కళ్ళు తిరిగి పడ్డాక, "నేను కాదు, ఇల్లే తిరిగింది," అని గొడవకొచ్చే పిల్ల. మొన్న సాయంత్రం మిషను తగిలిస్తున్నప్పుడు, "ఇది పెట్టుకుని తిరగచ్చా?" అని అడిగింది ఆ పిల్లే. ఎవరూ వినిపించుకోలేదు. ఆ బొంగరాన్ని మీరైనా గుర్తుపెట్టుకోండి.